మునిరత్నమన్న చదవకుండా పెట్టిన సంతకం

మామిడి గుజ్జు డబ్బా తెరవగానే ముందు ఉడికిన తీపి వాసన వస్తుంది, దాని వెనకే కాస్త రేకు వాసన. మొన్న ఇక్కడ, మెల్‌బోర్న్‌లోని మా వంటింట్లో ఆ వాసన తగలగానే నేను బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో, మూతలు బిగించే మిషను పక్కన నిలబడి ఉన్నాను. ఎదురుగా మునిరత్నమన్న. "గరిటె పట్టుకుని ఎంతసేపట్లా నిలబడతారు?" అంది మా ఆవిడ. అడగడం న్యాయమే.

తిరుపతిలో కెమిస్ట్రీ బీఎస్సీ ముగించి, దేశం నాకోసం ఎదురుచూడడం లేదని రెండేళ్లలో గ్రహించి, ఎనభైల చివర ఆ ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చేసే పనిలో చేరాను. మునిరత్నమన్న అక్కడ సూపర్‌వైజరు. చదువు పదో తరగతి. నన్ను "ఏమప్పా బీఎస్సీ" అని పిలిచేవాడు. ఆ పిలుపులో గౌరవం పాలెంతో, ఎగతాళి పాలెంతో నాకు తెలిసిన ఏ పరీక్షకూ తేలలేదు. తోతాపురి కాయ దిగే రోజుల్లో ఆయన నియమం ఒకటే. అరగంటకొక నిండు డబ్బా తీసి, మూత అంచు కోసి, మడత సరిగ్గా పడిందో లేదో కొలిచి పుస్తకంలో రాయాలి. మడత వదులైతే గాలి చొరబడి గుజ్జు పులుస్తుంది, డబ్బా ఉబ్బుతుంది.

రెండో ఏడు ఒక మధ్యాహ్నం నాలుగు గంటల డబ్బా నేను కోయలేదు. మూడున్నర కొలతనే నాలుగింటికీ రాశాను. మంచి గుజ్జు వృథా చేయడమెందుకన్న దేశభక్తి కొంత, మిగతాదంతా బద్ధకం. నాలుగున్నరకు మడత వదులైందని తెలిసి మిషను సరిచేశాం కానీ, అంతకుముందు బిగించిన డబ్బాలు అప్పటికే గోదాము చేరి మంచివాటిలో కలిసిపోయాయి. పది రోజులకు ఉబ్బడం మొదలుపెట్టాయి. నాలుగింటి డబ్బా కోయలేదని నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఆగి, మూడో రోజు మునిరత్నమన్నకు చెప్పేశాను.

తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. చేతికొక చిన్న కర్ర ఇచ్చి, "రా, ఒక్కొక్కటీ తట్టి సూస్తాం" అన్నాడు. "మంచిది కంగుమంటాది, చెడింది దబ్బుమంటాది. చెవి పెట్టు. బీఎస్సీ ఈడ పన్జెయ్యదు." మూడు రోజులు ఇద్దరం గోదాములో కూర్చుని తట్టాం.

నాలుగేళ్ల తర్వాత ఆస్ట్రేలియా వలస వీసాకు దరఖాస్తు పెట్టాను. అక్కడివాళ్లు నా పనితనాన్ని కాగితాల మీదే తూచి, పనికొస్తానో లేదో తేలుస్తారు. దానికి నా పనిని దగ్గరుండి చూసినవారి లేఖ కావాలి. ఏడాదికి కాయ దిగే మూడు నెలలే జీతమిచ్చే ఉద్యోగంలో ముప్పై దాటబోతున్నవాడికి ఆ లేఖ ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. యజమాని ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ఉదారుడు, కానీ నా పని ఆయన చూసింది లేదు. అందుకని నేనే ఒక లేఖ తయారుచేసి, మునిరత్నమన్నకు తెలుగులో చదివి వినిపించాను. దాని ప్రకారం ఆ ఫ్యాక్టరీని నేనొక్కణ్ణే నడిపాను.

"ఇంత మొనగాడు మనకాడ యాడుండాడప్పా?" అన్నాడు. "సూపిస్తే నేనూ ఒక దండం పెట్టుకుంటా."

"అందరూ ఇట్లానే రాస్తారన్నా."

"రాయనీ. నేను సూసింది నేను జెప్తా. నువ్వు ఇంగ్లీషులో రాసుకో."

చెప్పాడు. తీపీ పులుపూ కొలవడంలో నేను పొరపడనన్నాడు, గుజ్జు చిక్కదనం కంటితోనే పట్టేస్తానన్నాడు. నేను పొంగిపోతూ రాసుకుంటుంటే, "నాలుగ్గంటల డబ్బా సంగతి గూడా రాయి" అన్నాడు.

"అది రాస్తే నన్ను రానిస్తారా అన్నా?"

"వాడంతట వాడే వచ్చి చెప్పినాడు, మూడు దినాలు కూసోని అన్నీ ఏరినాడు అని గూడా రాయి. నీలో నేను సూసిన పనితనం అదేనప్పా. మిగతాది మిషను జేస్తాది."

చిత్తూరులో టైపు చేయించాను. ఆ పేరా లేకుండా. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. మరునాడు కాగితం అందిస్తే, చేతులు తుడుచుకుని సంతకం పెట్టేశాడు.

"చదవలేదే అన్నా?"

"నువ్వే గదా రాసింది."

తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కాణిపాకం వెళ్తున్నాడట, తమ్ముడి చేత దేవుడి ముందు ప్రమాణం చేయించడానికి. "అబద్దమాడితే ఆ సామి ఇడిసిపెట్టడబ్బా" అని వివరంగా చెప్పబోయాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

చిత్తూరులో దిగగానే ఆ కాగితం చింపేసి, పేరా చేర్చి మళ్లీ టైపు చేయించాను. పొద్దున్నే మొదటి బస్సుకు మునిరత్నమన్న ఇంటికి వెళ్లాను. సంగటి తింటున్నాడు.

"మల్లా ఏమప్పా?"

"ఒక పేరా తప్పిపోయిందన్నా."

నా ముఖం వంక ఒక్కసారి చూశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, దీన్నీ చదవకుండానే సంతకం పెట్టాడు. "సంగటి తిని పో" అన్నాడు, అంతే.

ఆరు నెలలకు జవాబొచ్చింది. నా పనితనం సరిపోతుందని ఒకే ఒక్క వాక్యం. ఆ పేరా గురించి ఊసే లేదు. నా త్యాగం వాళ్ల కంట పడినట్టు లేదు.

ఇప్పుడు నా కింద పనిచేసే కుర్రవాళ్లు ఇలాంటి లేఖలే నా దగ్గరికి తెస్తున్నారు. చెడగొట్టి, తామే వచ్చి చెప్పి, సరిచేసుకున్న పని ఏదైనా ఉంటే అది తప్పక రాయిస్తాను. వాళ్లు నన్ను అనుమానంగా చూస్తారు. ఆ తర్వాత ప్రతి వాక్యమూ చదివి, ఒక్కోసారి రెండుసార్లు చదివి, అప్పుడు సంతకం పెడతాను. మునిరత్నమన్నకున్నంత ధైర్యం నాకింకా రాలేదు.