గేరు విరిచింది ఉస్తాద్ కాదు

సోదరా, నీకన్నా బాగా పనిచేసేవాడు పోయాడన్న కబురు విన్న క్షణంలో నీ గుండెలో ముందుగా కదిలిందేమిటి? నిజం చెప్పు. సరే, ముందు నేనే చెబుతాను. పోయిన శుక్రవారం జుమా నమాజు ముగించుకుని రియాద్ శివారు సులైలోని మా షెడ్డుకు వచ్చేసరికి ఫోన్‌లో కబురు. సెలవు మీద రాయచోటి వెళ్లిన మా ఉస్తాద్ సొంత ఇంట్లో, సొంత మంచం మీద కన్నుమూశాడు. నా నోరు చావు కబురుకు చదివే ‘ఇన్నాలిల్లాహి’ అంది. నా కన్ను మాత్రం ఆయన పనిబల్ల మీదికి పోయింది. ఇక అది నాది అనుకున్నాను.

మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి మమ్మల్ని పనిలో పెట్టుకున్న సౌదీ యజమానికి, రియాద్ బయట ఎయిర్‌సాఫ్ట్ మైదానం ఉంది. మాస్కులు కట్టుకుని, బ్యాటరీతో నడిచే తుపాకులతో ఒకరి మీద ఒకరు ప్లాస్టిక్ గుళ్లు పేల్చుకునే ఆట అది. ఏ తుపాకికి ఏ బ్యాటరీ పెట్టాలో తేల్చేవాడు ఉస్తాద్. నేను ఆయన కింద పనివాణ్ణి.

ఆయన మొదట బ్యాటరీ వైపు చూసేవాడే కాదు. తుపాకి విప్పి, లోపలి గేర్లను వేలితో తిప్పి చూసేవాడు. “కొనేటోడు బ్యాటరీ బలం చూస్తాడప్పా. మనం గేరు ఓపిక చూడాల” అనేవాడు. పాత తుపాకులకు ఏడున్నర వోల్టుల లోపువి, గట్టి గేర్లు వేసినవాటికి పదకొండు వోల్టులవి. పొరపాటున కూడా కలవకుండా మొదటివాటికి తెల్ల ప్లగ్గు, రెండోవాటికి ఎర్ర ప్లగ్గు తానే టంకం వేసి పెట్టేవాడు. ప్రతి బ్యాటరీనీ బొటనవేలితో నొక్కి చూసేవాడు. కాస్త ఉబ్బినా సరే, నిప్పంటుకోకుండా ఇసుక డ్రమ్ములోకే. మైదానానికి వెళ్లేటప్పుడు ఖతీఫ్ రేవు నుంచి చేపలొచ్చిన థర్మాకోల్ పెట్టెలో వాటిని పేర్చి, పికప్ ముందు సీటు మీద, ఏసీ గాలి తగిలేలా పెట్టి బెల్టు కట్టేవాడు. నేను వెనక తొట్టిలో ఎండకు.

“బ్యాటరీకి సీటు, మనిషికి తొట్టా ఉస్తాద్?” అని ఎత్తిపొడిస్తే, “నువ్వు ఎండకు ఉబ్బవులే మౌల్సాబూ” అని నవ్వేవాడు. మతబోధ చేస్తానని నన్ను అలాగే పిలిచేవాడు.

ఉబ్బాను, సోదరా. ఆయనకు తెలియలేదంతే. కఫీల్ గహ్వా కాఫీ తాగడానికి ఆయన్నే పిలిచేవాడు. మేముండే కూలీల క్యాంపులో నేను ఓర్పు మీద గంటసేపు బోధిస్తే జనం ఆవలించేవారు. అదే జనం, నేను ముగించగానే ఆయన చుట్టూ చేరి ఇంటి సంగతులు చెప్పుకునేవారు. ఏ బడిలోనూ చదవకుండా గ్రంథం నేర్చుకున్నవాణ్ణి నేను. వాళ్లకు కావలసింది ఆయన.

ఒక చలికాలపు మధ్యాహ్నం ఒక ఆటగాడు తన తుపాకి మందకొడిగా పేలుతోందని గోల చేశాడు. “ఇది ముసల్ది, తొందరపెడితే పండ్లు రాలతాయి” అని చెప్పి ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. ఎర్ర ప్లగ్గును తెల్లదానికి కలిపే జానెడు వైరు అప్పటికే నా జేబులో ఉంది. దొంగతనంగా నేను చేసుకున్నదే. పదకొండు వోల్టుల బ్యాటరీ తగిలించాను. వడగళ్లు పడ్డట్టు గుళ్లు రాలాయి. ఆటగాడు నా భుజం తట్టాడు. పది నిమిషాలు నేను ఉస్తాద్‌ని!

తర్వాత కరకరమన్న చప్పుడు. గేరు పళ్లు విరిగిపోయాయి. వైరు పీకి జేబులో కుక్కుకున్నాను.

“ఎవరు పెట్టారు బ్యాటరీ?” అని కఫీల్ అరిచాడు. నేను మాస్కులు సర్దుతున్నట్టు వంగాను. అప్పుడే తిరిగొచ్చిన ఉస్తాద్ విరిగిన గేరు చూశాడు, నన్ను చూశాడు. “నాదే తప్పు” అన్నాడు.

మర్నాడు ఆయన అరచేతిలో నా వైరు. జేబులోంచి ఎక్కడ జారిందో! “మౌల్సాబూ, టంకం సరిగా అతకలా. ఈసారి బాగా వేడిచేసి పెట్టు” అని సోల్డరింగ్ కడ్డీ నా చేతికిచ్చాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మంచితనం మీద కూడా నాకు కుళ్లే పుట్టింది. ఆ రోజు నుంచి పనిలోకి కొత్తవాడు ఎవడొచ్చినా కఫీల్, “మీ ఉస్తాదే ఒకసారి తుపాకిని చంపేశాడు, జాగ్రత్త” అని నవ్వుతాడు. ఉస్తాద్ కూడా నవ్వేవాడు. నేనూ నవ్వాను, సోదరా. నేనూ!

అసూయపడేవాడి కీడు నుంచి శరణు వేడే ఖురాన్‌లోని చిన్న సూరాను రోజూ చదువుతాను. నన్ను ఎవరి నుంచి కాపాడాలా అని వెతికేవాణ్ణి. జనాన్ని నా నుంచి కాపాడమని ఆ సూరా వేడుకుంటోందని ఒక్కనాడూ తట్టలేదు.

సెలవుకు వెళ్లేరోజు ఎయిర్‌పోర్టు దగ్గర ఆయన బండి దిగుతుంటే నోరు తెరిచాను. “ఉస్తాద్, ఆ తుపాకి సంగతి...”

“వచ్చినాక చెబుదువులేప్పా, ఫ్లైటుకు టైమైతాంది. బ్యాటరీల పెట్టె మాత్రం వెనకెయ్యొద్దు” అన్నాడు.

క్యాంపులో ఆయన కోసం నమాజు చదివినప్పుడు పెద్దపెద్ద మగాళ్లు వెక్కి ఏడ్చారు. ఆ కన్నీళ్లు చూసి కూడా నాకు కడుపు మండింది. నేను పోతే ఇంతమంది ఏడుస్తారా అని లెక్క. ఛీ! నిన్న ఆయన బల్ల ముందు కూర్చున్నాను. కఫీల్ కొత్తగా వచ్చినవాడికి మళ్లీ అదే కథ మొదలుపెట్టాడు. చనిపోయినవాడి పేరు మీద నా తప్పు ఇంకా బతికే ఉంది. దాన్ని దించగలవాడు ఈ లోకంలో ఇక నేనొక్కణ్ణే.

ఈ సాయంత్రం మైదానంలో అస్ర్ నమాజు కాగానే, అందరి ముందూ చెబుతాను. ఆ తర్వాత కఫీల్ బల్ల ఉంచనీ, పీకెయ్యనీ. ఉస్తాద్‌కు మాత్రం చెప్పలేను. ‘వచ్చినాక’ అన్న మాటను నమ్మాను.

నీ ఉస్తాద్ ఇంకా బతికే ఉన్నాడా? అయితే నాకు నీ మీద కూడా అసూయే. ఈ కాగితం పక్కన పెట్టు. చేపల వాసన పోని ఆ పెట్టె ముందు సీటు మీద బెల్టు కట్టుకుని కూర్చుంది, నేను బండి తీస్తున్నాను. నువ్వు ఫోన్ తియ్యి. రేపు కాదు, జుమా నాడు కాదు. ఇప్పుడే!