సోమలమ్మ ముఖంతో చేసిన బొమ్మ

సత్తిరాజు కోపిష్టి అని నర్సీపట్నంలో బలిఘట్టం రోడ్డులో అందరికీ తెలుసు. అతని షెడ్డును ఆనుకునే మా కొబ్బరికాయల బడ్డీ కాబట్టి నాకు ఇంకొంచెం ఎక్కువ తెలుసు. బొమ్మలకి పూసే రెజిన్ జిగురు గట్టిపడకపోతే డబ్బాని తిడతాడు. కరెంటు పోతే స్తంభాన్ని తిడతాడు. అదే మనిషి, సంతకొచ్చిన కొండవాళ్ళు ఎండలో నిలబడితే ఆరబెట్టిన బొమ్మలు పక్కకి జరిపి నీడలో చోటిస్తాడు. తిడుతూనే ఇస్తాడు.

అతను చేసేవి దుకాణాల ముందు నిలబెట్టే పెద్ద బొమ్మలు. ఇనప చువ్వల మీద థర్మోకోల్ చెక్కి, ఫైబర్ అంటించి, రంగులేస్తాడు. జీడిపప్పు కొట్టుకి మనిషెత్తు జీడిపండు, పళ్ళ డాక్టరు గారికి నవ్వే పన్ను, ఐస్‌క్రీమ్ షాపుకి పెంగ్విన్ అతని చేతివే. వాళ్ళ నాన్న మట్టితో అమ్మవారి బొమ్మలు చేసేవాడు. ఆయన నేర్పిన నియమం ఒకటి ఇతను వదల్లేదు. బొమ్మ తన చోటికి చేరి నిలబడ్డాకే, కొబ్బరికాయ కొట్టి, కళ్ళు పెట్టాలి. పెంగ్విన్‌కీ అంతే. షాపువాళ్ళు నవ్వితే, "నవ్వండి. కళ్ళెట్టేదాకా అది ఉత్త ఫైబరే. ఆ తరవాత మిమ్మల్ని సూత్తాది" అన్నాడు.

చింతపల్లి రోడ్డులో కొత్తగా బొంగు చికెన్ హోటల్ పెడుతున్న జగదీశ్వరరావు గారు, గుమ్మం పక్కన కొండ ఆడమనిషి బొమ్మ కావాలన్నారు. అచ్చం మనిషిలాగే ఉండాలన్నారు. సత్తిరాజు, సంతకొచ్చినప్పుడల్లా తన షెడ్డులో పసుపు బుట్ట దించుకుని కూర్చునే కొండమనిషి సోమలమ్మను అడిగాడు.

"అమ్మా, నీ మొకం అచ్చు తీసుకుంతాను. గుమ్మం కాడ నిలబడి వొచ్చినోళ్ళని రమ్మని పిలుత్తావు."

"నానేటి, అంత పెద్ద హోటల్లోనా?" అని ఆమె మూడు ముక్కుపుడకలూ కదిలేలా నవ్వింది.

ముఖానికి నూనె రాసి ప్లాస్టర్ పూస్తే కళ్ళు మూసుకుని భయపడింది. అది ఆరేదాకా సత్తిరాజు భార్య ఆమె చెయ్యి పట్టుకునే కూర్చుంది. బొమ్మ తయారయ్యాక సోమలమ్మ దాని చెంప నిమిరి, హోటల్ తెరిచే రోజు మనవలను తీసుకొస్తానంది.

బొమ్మను ముందే వ్యానులో పంపించారు. తెరిచే రోజు పొద్దున్నే రంగులూ కుంచెలూ పనిముట్లూ ఉన్న సంచితో సత్తిరాజు, కొబ్బరికాయతో నేను ఆటోలో వెళ్ళాం.

బొమ్మ గుమ్మం దగ్గర లేదు. చేతులు కడుక్కునే పంపు పక్కన ఉంది. పొట్ట చతురస్రంగా కోసేసి ఉంది. లోపల ప్లాస్టిక్ డబ్బా. అప్పటికే పొద్దున్న టిఫిన్లు తిని పారేసిన అడ్డాకు విస్తర్లు అందులోంచి వేలాడుతున్నాయి. పైన ఆ నవ్వుముఖం అలాగే ఉంది.

సత్తిరాజు తిట్టలేదు. నాకు అప్పుడే భయం వేసింది.

జగదీశ్వరరావు గారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఎలాగుంది అయిడియా? వొచ్చినోళ్ళంతా ఫోటోలు తీసుకుంటన్నారు. బేగి కళ్ళెట్టీ."

"ఎవరు కోసినారండి?"

"మా వెల్డర్. ఏటి, నీకేటి నష్టం? కళ్ళెట్టేదాకా ఉత్త ఫైబరేనని నువ్వే గదా ఊరంతా సెప్పుకుంటావు. కళ్ళెట్టనేదు గదా, అందుకే కోయించీసినాను."

తన మాటే తన చెంప మీద కొట్టినట్టయింది అతనికి. "ఎదర మనిషి కళ్ళు మూసుకుంటే కడుపు కోసీవొచ్చాండి? అది మా సోమలమ్మండి."

"ఏ సోమలమ్మ? బొమ్మయ్యా అది."

ఆ సోమలమ్మ అప్పుడే జీపు దిగి, ఇద్దరు మనవల చేతులు పట్టుకుని వస్తోంది. ఉతికిన చీర, తలలో పూలు. పిల్లలు ముందు ముఖాన్ని చూసి "అవ్వ, అవ్వ" అన్నారు. తర్వాత కిందికి చూసి అవ్వ వెనక్కి జరిగారు. అప్పుడే ఒకాయన బల్ల దగ్గర్నించి లేచి, ఫోన్ మాట్లాడుకుంటూ, తన విస్తరిని ఆ పొట్టలో పడేసి వెళ్ళిపోయాడు.

సోమలమ్మ వంగి, ఆ విస్తర్లన్నీ ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టింది. లేచి, "నా మొకం నాకిచ్చీండి" అంది.

సత్తిరాజు సంచిలోంచి కరెంటు కట్టర్ తీసి ప్లగ్గు పెట్టాడు. జగదీశ్వరరావు గారు వెళ్ళి పీకేశారు. "పోలీసులకి సెప్తాను."

"సెప్పండి. మీరు పిలవకపోతే నేనే పిలుత్తాను."

రంపం బ్లేడు తీసుకుని చేత్తోనే మెడ దగ్గర కోయడం మొదలుపెట్టాడు. ఫైబర్ ధూళి ఒంటికి తగిలితే దురద, ముక్కులోకి పోతే దగ్గు. వంటమనిషి చిట్టితల్లి పొయ్యి వదిలేసి వచ్చింది. యజమాని చూస్తున్నా లెక్కచేయలేదు. ఆమె తన తువ్వాలు తడిపి సోమలమ్మ ముక్కుకీ నోటికీ కట్టి, పిల్లలను దూరంగా కూర్చోబెట్టి, కోత మీద చెంబుతో నీళ్ళు పోస్తూ నిలబడింది. ఆ తల్లిని దేవుడు చల్లగా చూడాలి. తల విరగకుండా సోమలమ్మ రెండు చేతులతో పట్టుకుంది.

తల ఊడి వచ్చాక సత్తిరాజు అన్నాడు, "తప్పయిపోనాదమ్మా. ఆడిలాగ సేత్తాడనుకోనేదు."

"ఆడి మీద కోపం ఆడి మీదే," అంది సోమలమ్మ. "నీ మీదా ఉంది బాబూ. నా మొకం వేనెక్కించి వొగ్గీసినావు. ఎక్కడెట్టినారు, ఏటి సేసినారు అని ఒక్క మాటడిగినావా?"

"అడగనేదు."

సోమలమ్మ ఆ తలను పైట కొంగులో చుట్టి, చంకన పెట్టుకుని, మనవలతో చింతపల్లి జీపు ఎక్కేసింది. సత్తిరాజు అరచేతుల్లో బ్లేడు కోసుకుని కారిన రక్తం తుడుచుకోకుండా జీపు మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత రంగుల సంచి నా చేతిలో పెట్టి, ఆటో వద్దని, నర్సీపట్నం వైపు నడవడం మొదలుపెట్టాడు.