కాలవ రేవులో నా గొంతు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మిలట్రీలో లారీ తోలినవాడికి నమ్మకం ఉండాల్సింది బ్రేకుల మీద. అదీ కాస్తే.

మా కోనసీమలో ఎవరేమన్నా "ఆయ్" అంటాం. నేను మరీనూ. భార్య పిలిచినా ఆయ్, మేక అరిచినా ఆయ్. పట్టాళంలో చేరిన కొత్తలో సుబేదారు ఏదో చెబితే "ఆయ్" అన్నాను. హిందీలో అది 'వచ్చింది' అన్నట్టు వినిపిస్తుందట. ఆయన వెనక్కి తిరిగి, "కౌన్ ఆయీ?" అన్నాడు. ఎవరొచ్చిందో చెప్పలేక గ్రౌండు చుట్టూ పరిగెత్తాను. ఆ పరుగుతో ఆయ్ పోయి, "జీ" వచ్చింది.

కార్గిల్ యుద్ధంలో కొండల మీదికి గుళ్ళు చేరవేశాను. మొక్కే గుళ్ళు కావు, ఫిరంగి గుళ్ళు. నా భార్య మార్తమ్మ, మా ఐదేళ్ల చిన్ని అమలాపురంలో అద్దె ఇంట్లో ఉండేవారు. పెరటి తలుపు తీస్తే కాలవ రేవు.

యుద్ధం అయ్యాక సెలవు మీద వచ్చాను. మార్తమ్మ ఎదురు రాలేదు.

"అక్కడే ఆగండి. మీరేనాండీ నిజంగా?"

"జీ," అన్నాను అలవాటుగా.

చిన్ని తల్లి వెనక్కి నక్కింది. "ఈయన నాన్న కాదే. నాన్న ఆయ్ అంటాడు."

లోపలికి రానిచ్చాక మార్తమ్మ చెప్పింది. నేను యుద్ధంలో ఉండగా ఒకరోజు వంటింట్లోంచి పరధ్యానంగా "ఏవండీ" అందట. రేవులోంచి నా గొంతు "ఆయ్" అంది. పరిగెత్తి చూస్తే ఎవరూ లేరు. తర్వాత అది చిన్నిని పిలవడం మొదలెట్టింది. ఒకసారి పిల్ల నడుంలోతు నీళ్లలోకి దిగిపోతే పక్కింటావిడ బయటికి లాగింది. నాన్న పిలిచాడు, అందట చిన్ని.

ఎవరో ఆకతాయి పనని నవ్వేశాను.

మర్నాడు మధ్యాహ్నం ముందు గదిలో చిన్నికి చెప్పులు తొడుగుతున్నాను. వంటింట్లోంచి మార్తమ్మ "ఏవండీ" అంది. నేను నోరు తెరిచాను.

"ఆయ్."

రేవులోంచి. నా గొంతే. నా సాగదీతే. నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"చిన్నీ, వాడి దగ్గర ఉండకమ్మా. నా దగ్గరికొచ్చెయ్."

పిల్ల లేచి పరిగెత్తింది. గౌను పట్టుకుని ఆపాను. చెయ్యి కొరికేసింది. "వదులు! మా నాన్న పిలుస్తున్నాడు!" అని నా చేతుల్లోనే గింజుకుంది. అంత యుద్ధంలో ముందుకే తోలినవాణ్ణి, ఆ పెరటి తలుపు మాత్రం తీయలేకపోయాను. పిల్లని ఎత్తుకుని, మార్తమ్మని లాక్కుని వీధిలోకి వచ్చేశాను. సాయంత్రానికి ముమ్మిడివరంలో మా బావమరిది ఇంటికి చేరాం.

ఆ రేవులో ఎవరూ చచ్చిపోలేదని ఇంటివాళ్లు చెప్పేరు. ఆకతాయి పనే అనుకుందామంటే, నా గొంతు అనుకరించేంతగా నన్ను ఎరిగినవాళ్లూ అక్కడ లేరు. నేను చస్తే నా గొంతు దెయ్యమైందనుకోవచ్చు, బతికే ఉన్నానాయె. నా గొంతుకి నా మీద అంత పగ ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

మార్తమ్మ మాత్రం నన్ను పక్కగదిలోంచి పిలవడం మానేసింది. ఏం కావాలన్నా ఎదురుగా వచ్చి, నా మొహం చూసుకుని, అప్పుడు మాట్లాడుతుంది.