కోల్డ్ స్టోరేజీలో విల్లు పట్టిన దర్జీ

జనవరిలో అల్ ఐన్‌లో పొద్దున్నే పొగమంచు ఖర్జూరపు తోటల మీదినుంచి రోడ్డు మీదికి దిగుతుంది. ఈ ఎడారి దేశమంతా దుబాయే, దుబాయ్ అంటే నిప్పుల కుంపటే అనుకునే మా ఊరివాళ్లకు ఈ సంగతి చెబితే నన్ను కోతలరాయుడి కింద జమకడతారు. నేను సైకిల్ మీద దుకాణానికి వెళ్తూ ముక్కు మీదుగా ఊలు మఫ్లర్ బిగించి చుట్టుకుంటాను. రెండు వీధులు దాటేసరికి నా ఊపిరికే అది తడిసి పెదవులకు చల్లగా అంటుకుంటుంది. తడిసిన ఊలుకు వానలో తడిసిన గొర్రె వాసన వస్తుంది. ఆ వాసన తగలగానే నాకు నర్సయ్య మాస్టారు గుర్తొస్తారు. సంతోషమూ సిగ్గూ ఒకేసారి కలుగుతాయి. సంతోషం ఎందుకో ఆయన్ని ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. సిగ్గు సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాస్టారిది జగిత్యాల పక్క ఒక పల్లె. ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే ఊళ్లో, ఇదే ఇరుకు దుకాణంలో బట్టలు కుట్టారు. సన్నటి మనిషి, తెల్లటి మీసం, మెడలో ఎప్పుడూ టేపు. నేను కోనసీమవాణ్ణి. ఒక హోటల్లో దుప్పట్లు ఉతికి మడతపెట్టే పని చేసేవాణ్ణి. 2020లో ఆ హోటల్ మూతపడింది. వీసా గడువు దగ్గర పడుతుంటే కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ రోజుల్లో లోకమంతా మూతికి గుడ్డ కావాలంది కదా, మాస్టారికి ఇంకొక మనిషి అవసరమైంది. ఆయనే వీసా ఇచ్చే యజమాని, కఫీల్ దగ్గరికి తీసుకెళ్లి, "మంచి పిలగాడు, నేను చూసుకుంట" అని చెప్పి నన్ను పెట్టించారు. అప్పటికి నాకు ముప్ఫై నాలుగు. పిలగాడు అన్నందుకు లోపల్లోపల మురిసిపోయాను కూడా.

మొదటి రోజే ఆయన పద్ధతి తెలిసింది. నేను వంకరటింకరగా కుట్టిన మాస్కును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నాకే ఇచ్చేశారు.

"కట్టుకో తమ్మీ. పొద్దుగూకేదాక మూతికి కట్టుకొని తిరుగు."

"ఇంకోటి కుట్టమంటారా మాస్టారూ?"

"ముందు ఇది కట్టుకో. చెవులు గుంజుతున్నయా, ఊపిరి ఆడుతున్నదా, నీకే ఎరుకైతది. మనం ఏసుకోనిది ఒకలకు ఇయ్యొద్దు."

అరబ్బులు తొడుక్కునే పొడవాటి కందూరా అయినా, డ్రైవర్ యూనిఫారం అయినా, కొత్తరకం పని ఏదొచ్చినా మొదటిది తాను తొడుక్కునేవారు. దుకాణంలో ఆడవాళ్ల బట్టలు ఎందుకు కుట్టరో ఇప్పుడు అర్థమైంది అని మా సత్తిబాబు ఎగతాళి చేసేవాడు. సత్తిబాబు మా పక్క ఊరివాడు, ఖర్జూరం నిలవచేసే ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు. మాస్టారు ఆ ఎగతాళికి మీసం కింద నవ్వేవారు తప్ప పద్ధతి మార్చుకోలేదు.

2022 చలికాలంలో ఒక ఎమిరాతీ పెద్దమనిషి దుకాణానికి వచ్చాడు. ఉద్యోగం మానేసిన ఇంజనీరు. అందరూ అరబ్బీలో ముహందిస్ అనే పిలుస్తారు. ఆ తరం వాళ్లలో చాలామందికి లాగే ఆయనకూ హిందీ వచ్చు. ఏటా మంచుకొండల దేశానికి వెళ్లి, అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చినన్ని రోజులు విల్లుతో అడవిమేకల్ని వేటాడి వస్తాడట. తుపాకీ ముట్టడు. ఆయన బాధంతా ముసుగుతోనే. అక్కడి చలికి మొహమూ మెడా కప్పుకోకపోతే చర్మం పగిలి నెత్తురు వస్తుంది. మేక కంట పడకుండా ఉండాలన్నా కప్పుకోవాలి. కప్పుకుంటే ఊపిరి పైకి తన్ని కళ్లద్దాలు మసకబారతాయి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. కుడిచేత్తో వింటినారి లాగినప్పుడు అది ప్రతిసారీ కుడి పెదవి మూలకు వచ్చి ఆగాలి. ఆ మూలకు నారి తగలడమే ఆయనకు గురి. అక్కడ గుడ్డ ముడతపడితే గురి తెలియదు, నారి ముడతలో చిక్కుకుంటే బాణం ఎటో పోతుంది, చెంప కూడా చీరుకుపోతుంది.

"నాకొకటి, నా కూతురికి ఒకటి," అన్నాడు ముహందిస్. పక్కనే నిలబడ్డ కూతురు హెస్సాకు ఇరవై దాటి ఉంటాయి. తండ్రితో వేటకు వెళ్లడం అదే మొదటిసారి. ఆమె కొలతలు మాస్టారే తీసుకుని, తన గుండ్రటి తెలుగు అక్షరాలతో చీటీ మీద రాసుకున్నారు. వెళ్తూ వెళ్తూ ముహందిస్ తన పాత విల్లు ఒకటి మాకిచ్చి, బాణం లేకుండా నారి లాగి వదిలేస్తే విల్లు విరిగిపోతుందనీ, లాగితే మళ్లీ నెమ్మదిగా వెనక్కి తేవాలనీ మూడుసార్లు చెప్పాడు.

మాస్టారు పుట్టి బుద్ధెరిగి మంచు చూడలేదు. చూడని చలికి ముసుగు ఎలా కుట్టాలి? రెండు రోజులు ఆలోచించి ఒకటి కుట్టి, మూడో రోజు నన్ను వెంటబెట్టుకుని సత్తిబాబు కోల్డ్ స్టోరేజీకి బయల్దేరారు. ఒక చేతిలో ముసుగు, ఒక చేతిలో విల్లు. గేటు దగ్గర సత్తిబాబు నోరు వెళ్లబెట్టాడు.

"ఆయ్, ఖర్జూరపు పెట్టెల్ని వేటాడతారా ఏంటండి మాస్టారూ?"

"నవ్వుడు తర్వాత, తలుపు తీయి బిడ్డా. మీ మేనేజరుకు నేను చెప్పిన."

లోపల మైనస్ పద్దెనిమిది. ముక్కులోని వెంట్రుకలు బిగుసుకుపోయాయి. పెట్టెల వరసల మధ్య నిలబడి, ముసుగు తొడుక్కుని, అరవై దాటిన ఆ మనిషి విల్లు ఎక్కుపెట్టారు. నారిని పెదవి మూలదాకా లాగి, ఆపి, మళ్లీ మెల్లగా వెనక్కి తెచ్చారు. అలా పది నిమిషాలు. బయటికి వచ్చేసరికి ముసుగు నోటి దగ్గర అప్పడంలా గట్టిపడిపోయింది. మాస్టారు దగ్గుతూనే లెక్చరు మొదలుపెట్టారు. "ఊపిరి కిందికి పోవాలె. ముక్కు మీద మాస్కుల తీగ పెడ్దాం. నారి తాకే కాడ గుడ్డే వద్దు, పెదవి మూలకు రూపాయి బిళ్లంత కోసేద్దాం. గదుమ కింద కుట్టు రావద్దు." నాలుగుసార్లు కుట్టి విప్పాక, నాలుగుసార్లు ఆ చలిలోకి వెళ్లి వచ్చాక, ముహందిస్ ముసుగు సిద్ధమైంది. ఆయన తొడుక్కుని విల్లు లాగి చూసి మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ చలి తిరుగుళ్లకు మాస్టారి ఛాతీ పట్టేసింది. "బిడ్డది నువ్వు కుట్టు తమ్మీ, పనంతా చూసినవ్ గదా," అన్నారు. నాకు గర్వం తలకెక్కింది. తండ్రి ముసుగు కటింగ్ కాగితాన్నే చుట్టూ కొంచెం తగ్గించి కోసేశాను. సాయంత్రానికల్లా కుట్టడం అయిపోయింది. ఇంత చక్కగా వచ్చినదాన్ని ఆ చలిలోకి తీసుకెళ్లి ఎవడు నిలబడతాడు అనుకున్నాను.

"ఏసుకొని చూసినవా?" అని అడిగారు మాస్టారు.

"చూశానండి. లోపలికెళ్లి విల్లు కూడా లాగాను."

ఆయన దాన్ని లైటు కింద తిప్పి చూశారు. నా మొహం కూడా చూశారు. మడతపెట్టి కవర్లో పెట్టి ముహందిస్ ఇంటికి పంపించేశారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది కూడా. అదే ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

రెండు రోజుల తర్వాత దుకాణం ఊడుస్తుంటే బల్ల కింద ఆ చీటీ దొరికింది. హెస్సా కొలతల కింద మాస్టారి చేతిరాత: ఎడమచెయ్యి వాటం. ఆ అమ్మాయి ఎడమచేత్తో నారి లాగుతుంది. నారి వచ్చి ఆగేది ఎడమ పెదవి మూలకు. నేను ఖాళీ పెట్టింది కుడివైపు. ఆమె నారి లాగే చెంప మీద వదులుగా, ముడతపడేలా గుడ్డంతా ఉంచేశాను. మరునాడు సాయంత్రం వాళ్ల విమానం. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది. చెప్పకపోతే, ఆ కొండల్లో మొదటి బాణానికే ఆ పిల్ల చెంప చీరుకుపోవచ్చు, లేదా బాణం పక్కనున్న తండ్రి వైపే పోవచ్చు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ చీటీ జేబులో పెట్టుకుని గుండీలు కుడుతూ కూర్చున్నాను. పిరికివాడికి ఆ మాత్రం టైము పట్టింది.

చెప్పాను. మాస్టారు మిషను మీద కాలు ఆపారు. "కత్తెర అందుకో," అన్నారు. ఆ మధ్యాహ్నం దుకాణం షట్టర్ సగం దించి ఆయనే కోశారు, ఆయనే కుట్టారు. కోల్డ్ స్టోరేజీ దగ్గర "మీరు బయటే ఉండండి మాస్టారూ, నేనొక్కణ్ణే వెళ్తాను" అని బతిమాలాను. వినలేదు. నేను ముసుగు తొడుక్కుని ఎడమచేత్తో నారి లాగుతుంటే, ఆయన పక్కనే నిలబడి, దగ్గుతూ, నారి గుడ్డకు తగులుతోందేమో అని నా చెంప వైపే చూస్తూ ఉన్నారు.

ముహందిస్ ఇంటికి టాక్సీలో వెళ్లాం. నా తప్పు కూడా మాస్టారే చెప్పేస్తారని లోపల ఆశపడ్డాను. గుమ్మంలో ఆయన నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశారు. నేనే చెప్పాను. వేసుకుని చూడకుండానే చూశానని అబద్ధం చెప్పాను, తప్పు వైపు కోశాను, ఇదిగో సరైనది అని హిందీలో తడబడుతూ అన్నాను. ముహందిస్ మొహం ఎర్రబడింది. ఆయన ఏదో అనేలోపే హెస్సా, "నాకు తెలుసు, నిన్ననే తొడుక్కుని చూశాను," అంది. తండ్రి ఆశ్చర్యపోయాడు. మరెందుకు చెప్పలేదని అడిగాడు. ఆమె తల వంచుకుంది. "చెబితే ఈసారి వద్దు, వచ్చే ఏడాది చూద్దాం అంటావని. అక్కడికి వెళ్లాక కిందికి లాగేసుకుందాం అనుకున్నాను." ముహందిస్ కొత్త ముసుగు అందుకుని, తన చేతులతోనే కూతురికి తొడిగి, పెదవి మూల వేలితో తడిమి చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో మాస్టారు కిటికీలోంచి తోటల్ని చూస్తూ కూర్చున్నారు. నేను ఆగలేక అడిగాను.

"ఇక నన్ను పంపించేస్తారా మాస్టారూ?"

"నువ్వు అబద్ధం చెప్తున్నవని నాకు ఆ దినమే ఎరుక తమ్మీ. చలిల ఏసుకున్న ముసుగు మూతి కాడ ముందు గట్టివడ్తది, కరిగినంక మెత్తవడ్తది. అది ఇస్త్రీ పెట్టె కింది నుంచి అప్పుడే తీసినట్టుండె."

"మరి ఎందుకు ఊరుకున్నారు?" అన్నాను.

"పానం బాగలేకుండె. మళ్ల ఆ చలిలకు పోబుద్ధి కాలే. నువ్వు చూసినన్నవ్, నేను నమ్మినట్టు చేసిన, నేను రాసిన చీటీ గూడ తీసి చూడలే. నిన్ను ఎల్లగొడితే నన్ను గూడ ఎల్లగొట్టుకోవాలె." మళ్లీ కిటికీ వైపు తిరిగి, "ఆ బిడ్డ మొకం ఇప్పటిదాక నా కండ్లల్లనే ఉన్నది," అన్నారు.

అప్పటిదాకా నాకు ఆయనంటే గౌరవం ఉండేది, భయం ఉండేది. ఆ మాటతో ప్రేమ పుట్టింది. తప్పు నామీదికి నెట్టేసి పెద్దరికం నిలుపుకోవడానికి ఆయనకు అన్ని అవకాశాలూ ఉన్నాయి. నిలుపుకోలేదు. టాక్సీ వెనక సీట్లో ఒక దర్జీ తన కింద పనిచేసేవాడితో తన బద్ధకాన్ని ఒప్పుకున్నాడు. అంత పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు.

హెస్సా చెంప మీద గీత కూడా పడకుండా తిరిగి వచ్చింది. మేక మాత్రం దొరకలేదట, నవ్వుతూ చెప్పింది. మాస్టారి దగ్గు నెలన్నర ఉంది. ఆ మరుసటి ఏడాది ఆయన దుకాణం నాకు అప్పజెప్పి ఊరెళ్లిపోయారు. నిరుడు ఎండాకాలంలో పోయారని కబురొచ్చింది. వెళ్లి చూడలేకపోయాను. ఆ రోజంతా మిషను తొక్కుతూనే ఏడ్చాను.

ఇప్పుడు నా దగ్గర గఫార్ అని నిజామాబాద్ మనిషి పనిచేస్తున్నాడు, నాకంటే రెండేళ్లు పెద్ద. మొన్న సాయంత్రం సెక్యూరిటీ గార్డుల కోటు ఒకటి కుట్టి తెచ్చాడు. "ఏసుకొని చూసిన భాయ్, ఖలాస్," అన్నాడు. నేను కోటు చూశాను. అతని మొహమూ చూశాను. నా నడుము విరిగిపోతోంది, షట్టర్ దించేద్దామని ఉంది.

"గఫార్ భాయ్, నువ్వు వేసుకోలేదని నాకు తెలుసు," అన్నాను. "నాకేమో నమ్మేసి ఇంటికెళ్లిపోవాలని ఉంది."

అతను తల దించుకున్నాడు. కోటు అందుకుని తొడుక్కున్నాడు. నేను స్టూలు జరుపుకుని అతని ఎదురుగా కూర్చున్నాను.