వలిసె నూనె రెండు చుక్కలు

రిటైరయ్యాక ఇంట్లో పనిచెయ్యని వస్తువులన్నిటికీ జాబితా రాసుకుని వరసగా బాగుచేస్తున్నాను. టేబుల్ ఫ్యాను, రేడియో, మా ఆవిడ మిక్సీ అయ్యాక మొన్న పదకొండో నంబరు వచ్చింది: నాన్న కరెంటు రైలు. అరకు దగ్గర మిషన్ ఆసుపత్రి దొరగారికి నాన్న జీపు నడిపేవాడు. ఆయన స్వదేశం వెళ్లిపోతూ ఇచ్చిన బొమ్మరైలు అది. ఇంజను, మూడు పెట్టెలు, గుండ్రంగా అమరే పట్టాలు, ఇటుకంత బరువున్న ట్రాన్స్‌ఫార్మరు. ముప్పయ్యేళ్లుగా ట్రంకుపెట్టెలోనే ఉంది. చుట్టిన తువ్వాలు మీద గోధుమరంగు మరకలు తుప్పువి కావు. సగం మా అన్న రక్తం, సగం నాది.

నాన్న పోతూ రైలు నాకిమ్మన్నాడు. అన్నకి అది ముల్లులా ఉండేది. ఆ చలికాలం ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చేసరికి, చుట్టాల ముందు నడిపి చూపిద్దామని మా ఇంట్లో రైలు పరిచాడు. ట్రాన్స్‌ఫార్మరు రొద పెడుతోంది, ఇంజను కదలడం లేదు, కాలిన వాసన.

"కాల్చేశావు," అన్నాను.

"నానేటి సేసినానురా? స్విచ్చే గదా ఏసినాను!"

"నీ చెయ్యి పడితే ఏదైనా బూడిదే."

"నువ్వొక్కడివే నాన్న కొడుకువి, నాను గొడ్డునేటి?" అని తోశాడు. నేను ట్రాన్స్‌ఫార్మరు పీకి తలకేసి కొట్టాను. ఎడమ చెవి చీలి, రక్తం మెడ మీదుగా కారింది. అన్న నా జుట్టు పట్టుకుని ముఖాన్ని పట్టాల మీద మూడుసార్లు బాదాడు. మొదటి దెబ్బకే రెండు పళ్లు రాలాయి, మిగతా రెండు దెబ్బలూ వృథా. నేను అతని బొటనవేలు ఎముక తగిలేదాకా కొరికాను. వదిన రోకలి తెచ్చి ఇద్దరి వీపుల మీదా పక్షపాతం లేకుండా వేసింది. "వొదలండి బేగి! సచ్చినాయన బొమ్మ కోసం మీరిద్దరూ సత్తారేటి?" అన్నకి ఆ చెవి మళ్లీ వినబడలేదు. మూడిళ్ల అవతలే ఉంటాడు, అయినా మాటల్లేవు. ఆనాటి డైరీలో రాశాను: "అన్న ఇంజను కాల్చాడు. కొట్టాను."

మొన్న పట్టాలు స్పిరిటుతో తుడిచాను. మీటరు పెడితే కరెంటు సరిగ్గానే వస్తోంది. ఇంజను అడుగు విప్పాను. మోటారు తీగచుట్ట కాలలేదు, దాని బ్రష్షులు అరగలేదు. ఇరుసుల చుట్టూ మాత్రం పాతబెల్లంలాంటి జిగురు గట్టిపడి ఉంది. సూది వేడిచేసి గీకితే వాసన వచ్చింది. వలిసె నూనె! చలికాలంలో టూరిస్టులు ఫొటోలు దిగే ఆ పచ్చని పూల గింజలదే మా వంటింటి నూనె. ఆరిందంటే వార్నిష్‌లా పట్టేస్తుంది. ఆనాటి కాలిన వాసన మోటారు కదల్లేక వేడెక్కి వచ్చినది.

ఆ యేటి డైరీ దించి, కొట్లాట రోజు నుంచి వెనక్కి తిప్పాను. వానలకు ముందు ఒక పేజీలో నా గుండ్రటి రాత: "మెషిన్ ఆయిల్ అయిపోయింది. ఇరుసులకి వంటనూనె రెండు చుక్కలు వేసి రైలును ట్రంకుపెట్టెలో పెట్టాను." ఆ పేజీ చించేస్తే ఎవరికీ తెలియదు. వేళ్లతో పట్టుకుని కూడా చూశాను.

నిన్న పొద్దున్నే ఇంజనూ డైరీ పట్టుకుని వెళ్లాను. అన్న వాకిట్లో కాఫీ గింజలు ఎండబోస్తున్నాడు. పక్కన నిలబడి చదవడం మొదలుపెట్టాను.

"ఆ సెవి నువ్వే తినేసినావు గదరా. ఈపక్కకి రా."

కుడిపక్కకి వెళ్లి మళ్లీ చదివాను. విన్నాడు. చేతులు దులుపుకుని, ముప్పయ్యేళ్ల బలం కూడగట్టి చెంప పగలగొట్టాడు. పెట్టుడు పళ్లు రెండూ ఎగిరి కాఫీ గింజల్లో పడ్డాయి. వదిన లోపల్నుంచి, "మల్లీ రోకలి తెమ్మన్నారేటి?" అని అరిచింది.

"ఇదీ రాసుకో," అన్నాడు అన్న, పళ్లు వెతుకుతూ. కాసేపటికి, "ఇప్పుడు నడుస్తాదా అది?"

"నడుస్తుంది."

మా ఇంట్లో పట్టాల పక్కన బోర్లా పడుకుని, కుడిచెవి నేలకి ఆనించి విన్నాడు.

సాయంత్రం డైరీ రాశాను: "అన్న కొట్టాడు. రైలు నడిచింది." తర్వాత మధ్యలోని సంపుటాలు తిరగేశాను. అన్న పేరు ఎక్కడా లేదు. ముప్పయ్యేళ్లలో ప్రతిరోజూ ఎండో, వానో, మంచో మాత్రం తప్పకుండా రాశాను.