రేకు తప్పెట కట్టిన అన్నయ్య

మొన్న కంటి ఆసుపత్రిలో నా వంతు కోసం కూర్చుంటే, ఎదురుగా గోడమీద టీవీ నడుస్తోంది, శబ్దం కట్టేసి. అందులో ఎవరో తప్పెటగుళ్ళ దళం. గుండెలమీద గుండ్రటి రేకు తప్పెటలు కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ గజ్జెల కాళ్ళతో ఎగురుతున్నారు. ఏమీ వినిపించకపోయినా నా మడమ నేలమీద తాళం వెయ్యడం మొదలెట్టింది. పక్కావిడ "ఏటమ్మా, కాలు లాగుతన్నాదా?" అంది. అవునన్నాను. మా అన్నయ్య సంగతి ఆవిడకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను?

అరవైల చివర్లో విజయనగరంలో మా మేనత్త కొడుకు, అంటే బావ, ఓ ఆర్కెస్ట్రా నడిపేవాడు. రేడియోలో విన్న ఇంగ్లీషు పాటల్ని గిటారుమీద పట్టేవాడు. అన్నయ్యది డ్రమ్స్. వాడి చేతులకి ఆ ఒక్క పని చాలేది కాదు. ఊళ్ళోకి సర్కస్ వస్తే అక్కడ చేరాడు. తీగమీద నడిచే అమ్మాయిని చూస్తూ డ్రమ్ము మోగించడం మరిచిపోయి రెండోరోజే ఇంటికొచ్చేశాడు. తర్వాత ఓ హరికథకి మృదంగం వాయించాడు. దాసుగారు కథ ఆపి, "నాయనా, రాముడు అడవికెళ్తున్నాడు, యుద్ధానికి కాదు" అన్నారట.

ఆఖరికి గజపతినగరం దగ్గర పల్లెలో తప్పెటగుళ్ళ గురువు ఒకాయన దొరికాడు. గొర్రెలు కాసుకునే పెద్దాయన. అన్నయ్యని ఎగాదిగా చూసి, "కూకుని వాయించీవోడివి, కాళ్ళకేటి పని సెప్తావు?" అన్నాడు. "కాలితో కూడా డ్రమ్ము కొడతాను మావా" అన్నాడట అన్నయ్య. "అయితే లెగు, ఎగురు!" ఆ వారమంతా అన్నయ్య మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేవాడు. అమ్మ ఆముదం రాస్తూ తిట్టేది. అయినా ప్రతి ఆదివారం వెళ్ళేవాడు.

బావకిది నామోషీ. "ఇంగ్లీషు పాటలు వాయించీ సేత్తో రేకు ముక్క కొట్టుకుంటావేటిరా?" అనేవాడు. చివరికి బావ ఆర్కెస్ట్రా వాయించాల్సిన కాలేజీ వార్షికోత్సవం, ఆ పల్లె జాతర ఒకేరోజు వచ్చాయి. దళంలో ఒకడికి జ్వరం. మనిషి తగ్గితే, భుజాలమీద భుజాలెక్కి గోపురంలా నిలబడే ఆట నిలవదు. అన్నయ్య జాతరకే వెళ్ళిపోయాడు. డ్రమ్స్ లేక కాలేజీలో బావ పాటలు తేలిపోయాయి, కుర్రాళ్ళు ఈలలేశారు. మర్నాడు బావ మా గుమ్మంలో నిలబడి, "ఇంక నా బ్యాండులో నీకు సోటు లేదు" అనేసి వెళ్ళిపోయాడు. నన్ను బావకివ్వాలని పెద్దవాళ్ళు ఎప్పుడో అనుకున్నారు. ఏడాదిపాటు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. పెళ్ళిమాట కూడా ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం అన్నయ్యకీ, అమ్మని చూడ్డానికొచ్చే బావకీ వేళకి కాఫీ అందిస్తూ, ఇద్దరిమీదా లోపల్లోపల మండిపడుతూ తిరిగాను.

మరుసటేడు ఆ జాతరకి అమ్మా నేనూ బయల్దేరాం. తోడు రమ్మని అమ్మ అడిగితే బావ కాదనలేకపోయాడు. మిట్టమధ్యాహ్నం, కళ్ళలో దుమ్ము. గోపురం కట్టారు. అడుగు వరసలో అన్నయ్య. భుజాలమీద మనిషి నిలబడున్నా తప్పెట మీద చెయ్యి ఆగలేదు. ఒళ్ళంతా చెమట, మొహమంతా నవ్వు.  బావ నాకు మాత్రమే వినపడేలా, "మూడేళ్ళు నా పక్కనే వాయించినాడే. ఆడి పళ్ళు ఈయాలే సూసినాను" అన్నాడు.

ఆట అయ్యాక మజ్జిగ చెంబు పట్టుకుని తనే ఎదురెళ్ళాడు. "ఒరే, మళ్ళీ వస్తావా?" అన్నాడు. అన్నయ్య చెంబు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "వస్తాను బావా. జాతర్లప్పుడు మాత్రం నన్నడక్కు" అన్నాడు.

ఆర్కెస్ట్రా ఇంకో రెండేళ్ళు నడిచింది. అన్నయ్య తప్పెట ముప్పై ఏళ్ళు మోగింది. బావతో నా పెళ్ళయింది. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఓ మాట కోసం ఏడాది పొడుగునా అలిగి కూర్చోగలిగామంటే, ఆ రోజుల్లో కాలం మా ఇంటి నుయ్యిలా ఎప్పటికీ ఊరుతూనే ఉంటుందనుకున్నాం కాబోలు.