ల్యాబ్ గోడమీద తెలుగు మాటలు

అయిదో నెలలో నాకు గర్భం పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన పదో రోజున మళ్లీ ఉద్యోగానికి బయలుదేరాను.

"ఎన్నాళ్లని గోడకేసి సూస్తావమ్మా. పన్లో పడితే కాస్త తేలికవుతాది," అంది అత్తయ్య, క్యారేజీ చేతికిస్తూ. ఆవిడ కోపంగా అనలేదు. నాకు బాధా కలగలేదు. శ్రీకాకుళంలో బస్సెక్కాను.

ఎచ్చెర్ల దారిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మైక్రోకంట్రోలర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. మా హెడ్డుగారు నా పొట్టవైపు చూసి, వెంటనే కిటికీవైపు తిరిగారు.

"వైవాలో పిల్లలు నోరు విప్పడం లేదమ్మా. ల్యాబ్‌లో వాడే మాటలన్నీ తెలుగులో ఒక చార్టు మీద రాసిపెట్టండి," అన్నారు.

మూడు రోజులు రాశాను. మైక్రోకంట్రోలర్ అంటే ఒక్క చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును చిప్పుకు అర్థమయ్యే అంకెలుగా మార్చేది. ప్రోగ్రామర్ అంటే ఇక్కడ మనిషి కాదు, ఆ అంకెలను చిప్పులోకి ఎక్కించే పరికరం. డీబగ్గర్ అంటే చిప్పు లోపల ఏం జరుగుతోందో చూపించేది. బ్రేక్‌పాయింట్ అంటే ప్రోగ్రాము వచ్చి ఆగాలని మనం గుర్తు పెట్టిన వరుస. అక్షరాలు ఎక్కడా వంకర పోలేదు. నా చేతిరాత అంత కుదురుగా ఎప్పుడూ లేదు.

స్టాఫ్ రూములో ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ వారమే రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె పిలిచింది. సముద్రం ఒడ్డు ఊరు వాళ్లది, తల్లి చేపలు అమ్ముతుంది.

"మేడమ్, కంప్యూటరు చిప్పు కనబడ్డంలేదంటన్నాదండి."

ప్రోగ్రామర్ కేబుల్ తిరగేసి పెట్టింది. తిరగబడిందని చెప్పి సరిచేశాను. ప్రోగ్రాము ఎక్కింది కానీ, లైటు వెలిగి ఆరాల్సింది వెలిగే ఉండిపోయింది. డీబగ్గర్ తగిలించి, బ్రేక్‌పాయింట్ పెట్టి, ఒక్కో వరుసే నడిపించమన్నాను. లైటు ఆరేదాకా వెయ్యి నుంచి ఒక్కొక్కటే తగ్గాల్సిన అంకె ఎంతసేపటికీ వెయ్యి దగ్గరే ఉంది.

"ఒకటి తీసేసే వరుస రాయనేదండి," అని తనే కనిపెట్టింది. తర్వాత నావైపు తిరిగి, "ఒంట్లో బాగోలేదా మేడమ్? ఇదివరకు ఒకటికి రెండుసార్లు సెప్పేవోరు. ఇప్పుడేటీ మాటాడ్డంలేదు," అంది.

"కడుపు పోయింది," అన్నాను. కేబుల్ తిరగబడిందని చెప్పిన గొంతుతోనే.

ఆమె మౌస్ వదిలేసింది.

"మాయమ్మకీ అలాగే అయినాదండి. మూడు నెల్లు సేపలబుట్ట ఎత్తనేదు. ఎవులేటన్నా ఊఁ అనీదంట."

"తర్వాత?" అన్నాను. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను నిజంగా తెలుసుకోవాలని అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఏటీ లేదండి. ఒకనాడు లేసి అమ్మకానికి ఎల్లిపోనాది. ఎందుకెల్లావంటే తెల్దంటాది."

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుని ఆ వరుస రాసింది. లైటు వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. రికార్డు పుస్తకంలో సంతకం పెట్టాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు.

అన్నాళ్లూ పెట్టింది తిని లేచిపోయినదాన్ని, ఆ సాయంత్రం భోజనం దగ్గర చారులో ఉప్పు తగ్గిందని అత్తయ్యతో అన్నాను. ఆవిడ ఉప్పుడబ్బా తెచ్చి నా ముందు పెట్టి, నేను తినడం అయ్యేదాకా అక్కడే కూర్చుంది.